వేరియన్స్ నోటీసు పంపేముందు పక్కిళ్ళవాళ్ళకి మనమే వెళ్ళి చెప్పాలా? లెటర్ చాలా?

మూలఇల్లు

మాది న్యూజెర్సీ. ఇంటి వెనక, కింది ఫ్లోర్‌లో ఒక బెడ్‌రూమ్, దానికి ఆనుకుని బాత్రూమ్ కట్టిద్దామనుకుంటున్నాం. అమ్మకి మోకాళ్ళు బాగా అరిగిపోయాయి, మెట్లెక్కలేకపోతోంది. ఇప్పుడు డైనింగ్ టేబుల్ గోడవారకి జరిపి అక్కడే మంచం వేశాం. మా జోన్‌లో వెనక సెట్‌బ్యాక్, అంటే హద్దు దాకా వదలాల్సిన ఖాళీ, 25 అడుగులుండాలి. గది కడితే 21 అడుగులే మిగులుతుంది. అందుకని వేరియన్స్ (రూల్ నుంచి సడలింపు) కావాలి, టౌన్‌షిప్ బోర్డు ముందు హియరింగ్ ఉంటుంది, 200 అడుగుల లోపు ఓనర్లందరికీ నోటీసు పంపాలి అన్నారు. టౌన్‌షిప్ ఇచ్చిన లిస్టులో 23 పేర్లున్నాయి.

నోటీసు పంపడానికి నాకేం ఇబ్బంది లేదు. తేలనిది ఇంకోటి. ఆర్కిటెక్ట్ ఏమో "చట్టం పంపమన్న లెటర్ పంపండి, అంతకుమించి ఎవరితోనూ మాట్లాడకండి, లేనిపోనివి లేస్తాయి" అంటున్నాడు. మా ఆవిడేమో పదకొండేళ్ళుగా పక్కపక్కన ఉంటున్నవాళ్ళకి సర్టిఫైడ్ మెయిల్‌లో తెలిస్తే ఎంత కష్టంగా ఉంటుంది, ప్లాన్ పట్టుకెళ్ళి చెప్పొద్దాం అంటోంది. అందులోనూ వెనకింటి పెద్దాయనతో మాకు పరిచయం అంతంతమాత్రం. మంచు పడినప్పుడు పార పట్టుకుని చెయ్యి ఊపుకోవడం, అంతే. సరిగ్గా ఆయన పెరటి వైపే ఈ గది వస్తుంది.

వెళ్ళాలా, వద్దా? వెళ్తే ఏం చెప్పాలి? వచ్చే వారం లెటర్లు పోస్ట్ చెయ్యాలి. రెండు రోజులుగా ఒకటే టెన్షన్.

తూనీగ

వెళ్ళండి. మరో ఆలోచన పెట్టుకోకండి. మీ ఆవిడ చెప్పిందే రైటు.

కంచెదూకను

నేను ఆర్కిటెక్ట్ పక్షం. నా అనుభవం చెబుతాను. మూడేళ్ళ కిందట పాత కంచె తీసేసి కొత్తది వేయిద్దామనుకున్నా. దానికి నోటీసు అక్కర్లేదు, హియరింగ్ అక్కర్లేదు, మామూలు పర్మిట్ చాలు. మంచిగా ఉంటుంది కదా అని పక్కింటాయనకి ముందే చెప్పా. మర్నాడే ఆయన "అసలు మీ కంచె నా స్థలంలో ఉందనుకుంటున్నా" అని మొదలుపెట్టాడు. సర్వే చేయించాల్సొచ్చింది, లాయర్ లెటర్ వచ్చింది, నాలుగు నెలలు పని ఆగిపోయింది. చివరికి కంచె మా స్థలంలోనే ఉందని తేలింది, నాలుగంగుళాలు లోపలికే. నోరు విప్పకుండా వేయించేసి ఉంటే ఒక వారాంతంలో అయిపోయేది.

తూనీగ

@కంచెదూకను చెప్పకుండా వేసి ఉంటే వేశాక వచ్చేది ఆ లాయర్ లెటర్. అప్పుడు పీకాల్సొస్తుందేమోనని భయపడుతూ కూర్చునేవారు. సర్వే ముందే అయిపోవడం మేలే కదా?

కంచెదూకను

మేలో కాదో, ఆ నాలుగు నెలలూ ఆయన మొహం చూడలేకపోయా. ఇప్పటికీ మాటల్లేవు.

బ్లూప్రింట్_బాబాయ్

పద్దెనిమిదేళ్ళుగా ఇళ్ళ డ్రాయింగులు వేస్తున్నాను, ఎక్కువగా న్యూజెర్సీలోనే. ఇక్కడ రెండు వేరువేరు విషయాలు కలిసిపోతున్నాయి, ముందు వాటిని విడదీసుకుందాం.

కంచెదూకను గారిది 'బై రైట్' పర్మిట్. అంటే రూల్స్‌కి లోబడే కడుతున్నారు కాబట్టి టౌన్‌షిప్ ఇచ్చితీరాలి. పక్కవాళ్ళకి అందులో ప్రమేయం లేదు, నోటీసూ లేదు. మూలఇల్లు గారిది అలాంటిది కాదు. రూల్ నుంచి నాలుగడుగులు సడలింపు అడుగుతున్నారు. ఆ రూల్ ఉన్నదే చుట్టుపక్కలవాళ్ళ గాలీ వెలుతురూ కాపాడటానికి. అందుకే వాళ్ళకి తెలియాలి, వచ్చి మాట్లాడే అవకాశం ఉండాలి అంటుంది చట్టం. న్యూజెర్సీ మునిసిపల్ ల్యాండ్ యూజ్ లా 1975 నాటిది. హియరింగ్‌కి కనీసం 10 రోజుల ముందు, స్థలానికి అన్ని వైపులా 200 అడుగుల లోపున్న ఓనర్లకి, చేతికివ్వడమో సర్టిఫైడ్ మెయిల్‌లో పంపడమో చెయ్యాలి. ఇక్కడ ఈ పని అప్లికెంట్‌దే. దాంతోపాటు పత్రికా ప్రకటన కూడా ఉంటుంది. అది ఎక్కడ వెయ్యాలో బోర్డు సెక్రటరీని అడగండి, సొంత లెక్కలు వద్దు.

నోటీసులో ఏమేం ఉండాలంటే: హియరింగ్ తేదీ, టైము, చోటు. ఏం అడుగుతున్నారో. ఇంటి అడ్రస్, లేదంటే లాట్-బ్లాక్ నంబర్లు. ప్లాన్లు ఎక్కడ, ఏ వేళల్లో చూడొచ్చో. ఆ "ఏం అడుగుతున్నారో" అన్న చోటే చాలామంది తప్పులో కాలేస్తారు. 1996లో లేసీ టౌన్‌షిప్ కేసొకటి ఉంది. అక్కడ రాబోయేది కె-మార్ట్ షాపింగ్ సెంటర్. నోటీసులో మాత్రం కండిషనల్ యూజ్ లాంటి చట్టం మాటలే ఉన్నాయి తప్ప షాపింగ్ సెంటర్ అన్న ముక్క లేదు. మామూలు మనిషికి అర్థం కాని నోటీసు నోటీసే కాదని అప్పీల్ కోర్టు కొట్టేసింది. నోటీసు చెల్లకపోతే ఆ కేసు వినే అధికారమే బోర్డుకి ఉండదు. వచ్చిన అనుమతి కూడా పోతుంది. కాబట్టి "40:55D-70(సి) కింద బల్క్ వేరియన్స్" అని రాసి ఊరుకోకండి. "ఇంటి వెనక ఒక అంతస్తు గది కడుతున్నాం, 25 అడుగులు వదలాల్సిన చోట 21 అడుగులు వదులుతాం" అని తేటగా రాయండి.

ముందే వెళ్ళి చెప్పాలా అంటే, చట్టం చెప్పమనదు, వద్దనీ అనదు. నేనైతే ఆనుకుని ఉన్న ఇళ్ళకి వెళ్ళమంటాను. 23 ఇళ్ళూ తిరగక్కర్లేదు.

రాగిసంగటి

తిరిగితే మాత్రం 23 కాఫీలు గ్యారంటీ 🙂

వెన్నెలవాకిలి

నేను లెటర్ అందుకున్న వైపు నుంచి రాస్తున్నా. రెండేళ్ళ కిందట మా పక్కింటివాళ్ళు గరాజ్ మీద రెండో అంతస్తు వేశారు. మాకు సర్టిఫైడ్ లెటర్ వచ్చింది. మేమిద్దరం ఆఫీసులో ఉన్నాం, ఇంట్లో మా అత్తగారు ఒక్కరే. పోస్ట్‌మ్యాన్ సంతకం పెట్టమంటే పెట్టి తీసుకున్నారు. ఇంగ్లిష్ చదవడం రాదు. ఏదో బ్యాంకు కాగితం అనుకుని కరెంటు బిల్లుల మధ్య పెట్టేశారు. నేను చూసేసరికి హియరింగ్ అయిపోయి తొమ్మిది రోజులైంది.

ఇప్పుడు వాళ్ళ కొత్త కిటికీలు రెండూ సరిగ్గా మా అమ్మాయి గదిలోకి ఉన్నాయి. అది పన్నెండేళ్ళ పిల్ల. ఆ రోజు నుంచి పగలు కూడా బ్లైండ్ ఎత్తనివ్వదు. గదిలో లైటు వేసుకుని హోంవర్క్ చేసుకుంటుంది.

వాళ్ళు చట్టం తప్పలేదు. 10 రోజుల ముందే పంపారు. కానీ మా రెండు ఇళ్ళ తలుపుల మధ్య నలభై అడుగుల దూరం కూడా ఉండదు. ఒక్కసారి తలుపు తట్టి ప్లాన్ చూపించి ఉంటే, ఆ కిటికీలు కాస్త పైకి పెట్టుకోండి, వెలుతురు వస్తుంది, మాకూ ఇబ్బంది ఉండదు అనేదాన్ని. వాళ్ళకి ఖర్చు కూడా పెరిగేది కాదు. అడిగేవాళ్ళు లేకపోయారు.

మూలఇల్లు గారూ, వెళ్ళండి. దయచేసి వెళ్ళండి.

మూలఇల్లు

@వెన్నెలవాకిలి చదివి మా ఆవిడకి కూడా చూపించాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. పాప గది విషయం చాలా బాధనిపించింది. కిటికీ అద్దానికి కింది సగం ఫ్రాస్టెడ్ ఫిల్మ్ అతికించమని ఇప్పుడైనా వాళ్ళని అడిగి చూశారా?

వెన్నెలవాకిలి

అడగలేదు. రెండేళ్ళు గడిచాక ఏ మొహంతో అడగాలో తెలియలేదు. మీరన్నాక అనిపిస్తోంది, అడగొచ్చేమో.

బేఏరియా_బుజ్జి

కాలిఫోర్నియా లెక్క వేరు. మా పెరట్లో ఏడీయూ (అసలు ఇంటికి తోడుగా అదే స్థలంలో కట్టే చిన్న ఇల్లు) కట్టాం, మా నాన్నగారి కోసం. ఇక్కడ ఏడీయూకి హియరింగే లేదు. పక్కవైపు, వెనకవైపు నాలుగడుగులు వదిలి, మిగతా కొలతలకి లోబడి ఉంటే నగరం 60 రోజుల్లో తేల్చాలి. పక్కవాళ్ళకి చట్టప్రకారం చెప్పక్కర్లేదు. హియరింగ్ ఉండే వేరియన్స్ లాంటివాటికైతే 300 అడుగుల లోపు ఓనర్లకి 10 రోజుల ముందు మెయిల్ వెళ్తుంది, అది నగరమే పంపుతుంది.

అక్కర్లేదు కదా అని మేమూ చెప్పలేదు. ఒక ఉదయం ఏడింటికి కాంక్రీట్ పంప్ వచ్చేసరికి పక్కింటావిడ నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి అప్పుడే పడుకుందట. ఏడుస్తూ బయటికొచ్చింది. నర్స్ ఆవిడ. నాకు ఆ మొహం ఇంకా గుర్తుంది. ఏ రోజు ఎంత చప్పుడుంటుందో ఒక కాగితం మీద రాసిచ్చి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం ఆ వారం షెడ్యూల్ మెసేజ్ పెట్టేవాళ్ళం.

గోదారిగట్టు

లిస్టు గురించి ఒక హెచ్చరిక. మాది కూడా న్యూజెర్సీయే, మా వెనక కంచె దాటితే వేరే టౌన్‌షిప్. మా టౌన్‌షిప్ ఇచ్చిన లిస్టులో తన హద్దు లోపలి ఓనర్లే ఉంటారు, అవతలి టౌన్‌షిప్‌వాళ్ళు ఉండరు. ఆ సంగతి మాకు తెలియదు. లిస్టు పట్టుకుని అందరికీ పంపేశాం. హియరింగ్ రోజు మా ఆర్కిటెక్ట్, ఇంజనీర్ ఇద్దరూ గంటల లెక్కన డబ్బు తీసుకుని వచ్చి కూర్చున్నారు. బోర్డు లాయర్ మ్యాపు చూసి "ఈ వెనక మూడు లాట్లకి నోటీసు ఏది?" అన్నాడు. అంతే, కేసు వినలేదు. పక్క టౌన్‌షిప్ నుంచి ఇంకో లిస్టు తెచ్చుకుని, వాళ్ళ క్లర్క్‌కి కూడా నోటీసిచ్చి, అన్నీ మొదటినుంచి పంపాం. రెండు నెలలు పోయాయి.

మీ 200 అడుగుల గీత ఎక్కడెక్కడ పడుతుందో ట్యాక్స్ మ్యాపు మీద మీరే గీసి చూసుకోండి. కౌంటీ రోడ్డు పక్కన ఉంటే కౌంటీకి, స్టేట్ హైవే పక్కన ఉంటే రాష్ట్రానికి కూడా ఇవ్వాలి.

బ్లూప్రింట్_బాబాయ్

@గోదారిగట్టు చాలా ముఖ్యమైన మాట చెప్పారు. దానికి ఇంకొకటి కలుపుతాను. రాతపూర్వకంగా అడిగితే టౌన్‌షిప్ ఏడు రోజుల్లో ఆ లిస్టు ఇవ్వాలి. ఒక్కో పేరుకి 25 సెంట్లు, లేదా మొత్తం 10 డాలర్లు, ఏది ఎక్కువైతే అది తీసుకోవచ్చు. ఆ టౌన్‌షిప్‌లోనే ఉండి లిస్టులో లేని ఓనర్ తర్వాత వచ్చి "నాకు చెప్పలేదు" అన్నా హియరింగ్ చెల్లుతుంది, ఎందుకంటే లిస్టుని నమ్మే హక్కు మీకుంది. అందుకే ఇంటర్నెట్‌లో పేర్లు వెతుక్కుని సొంతంగా తయారు చేసుకోకండి. ఆ 10 డాలర్లు చూసుకుంటే ఈ రక్షణ పోతుంది.

లెక్కలపుస్తకం

రోజులు లెక్కపెట్టేటప్పుడు కూడా జాగ్రత్త. మెయిల్ చేసిన రోజే ఇచ్చినట్టు లెక్క, వాళ్ళకి చేరిన రోజు కాదు. అలాగని సరిగ్గా పదో రోజున పోస్టాఫీసుకి పరిగెత్తకండి. మేము పదిహేను రోజుల ముందు పంపాం. ప్రతి లెటర్‌కీ పోస్టాఫీసు ముద్ర పడ్డ రసీదు తీసుకుని, లిస్టులో పేరు పక్కన నంబర్ రాసుకుని, అన్నీ కలిపి అఫిడవిట్‌తో బోర్డుకి ఇచ్చాం. కొన్ని లెటర్లు 'అన్‌క్లెయిమ్డ్' ముద్రతో తిరిగొస్తాయి. అవి చింపకండి, విప్పకండి. అలాగే ఫైల్లో పెట్టుకోండి, పంపినట్టు సాక్ష్యం.

రాతిగుమ్మం

మాది మసాచుసెట్స్. ఇక్కడ ఆనుకున్న ఇళ్ళు, రోడ్డుకి ఎదురుగా ఉన్న ఇళ్ళు, ఆనుకున్న ఇళ్ళకి ఆనుకున్న ఇళ్ళు 300 అడుగుల లోపు ఉంటే అవి కూడా. పత్రికలో రెండు వరుస వారాలు రావాలి, మొదటిది హియరింగ్‌కి కనీసం 14 రోజుల ముందు. ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో కొలత. ఇది చదివి వేరే రాష్ట్రంవాళ్ళు 200 అడుగులే అనుకోకండి.

ఆస్టిన్_అమ్మాయి

టెక్సాస్‌లో కూడా 200 అడుగులే, కానీ జోనింగ్ మార్పుకి నోటీసు నగరమే పంపుతుంది, కమిషన్ హియరింగ్‌కి 10 రోజుల ముందు. ఇక్కడ పక్కవాళ్ళ సంతకాలకి నిజంగా బలం ఉంది. 200 అడుగుల లోపలి భూమిలో 20 శాతం ఉన్న ఓనర్లు రాసి ఇస్తే కౌన్సిల్‌లో మామూలు మెజారిటీ చాలదు, నాలుగింట మూడొంతులు కావాలి. 2025లో చట్టం మార్చి, ఇళ్ళ సంఖ్య పెంచే మార్పులకైతే ఆ 20ని 60 చేశారు.

మా వీధి చివర ఖాళీ స్థలంలో టౌన్‌హౌస్‌లు వస్తాయని లెటర్ వచ్చినప్పుడు నేనూ సంతకం పెట్టాను, వద్దని. ఎందుకు పెట్టానంటే భయంతో. లెటర్‌లో కేసు నంబరు, జోన్ కోడ్ రెండు అక్షరాలు, చిన్న మ్యాపు, అంతే. ఎన్ని ఇళ్ళు, ఎంత ఎత్తు, ట్రాఫిక్ ఎటు పోతుంది, ఏమీ లేదు. ఆ తర్వాత బిల్డర్ తరఫున ఒకావిడ వచ్చి ప్లాన్ పరిచి చూపిస్తే, కార్లు మా వీధిలోకి రానే రావని తెలిసింది. నా సంతకం వెనక్కి తీసుకున్నాను. ముందే వచ్చి ఉంటే పెట్టేదాన్నే కాదు.

కంచెదూకను

అందరూ మంచివాళ్ళ కథలే చెబుతున్నారు. ఎదుటివాడు మంచివాడు కాకపోతే? ముందే చెప్పడమంటే లాయర్‌ని వెతుక్కోవడానికి వాడికి ఇంకో నెల టైమివ్వడం. మూలఇల్లు గారికి తల్లి ఆరోగ్యం, ఆవిడ డైనింగ్ హాల్లో పడుకుంటోంది. ఒక్క నెల ఆలస్యమైనా ఆ నెల భరించేది ఆవిడే. ఇది మర్యాదల లెక్కతో తేలేది కాదు.

బ్లూప్రింట్_బాబాయ్

ఆ మాట కొట్టిపారెయ్యలేను. నిజంగానే మొండి మనుషులుంటారు. కానీ అలాంటివాళ్ళు ఎలాగూ హియరింగ్‌కి వస్తారు, లెటర్ వాళ్ళకీ వెళ్తుంది. ముందే తెలిస్తే వాళ్ళ అభ్యంతరానికి మనం జవాబు సిద్ధం చేసుకోవచ్చు. హియరింగ్ గదిలో మొదటిసారి వింటే నీళ్ళు నమలాలి. ఎదుటివాళ్ళ లాయర్ మన ఆర్కిటెక్ట్‌ని ప్రమాణం మీద ప్రశ్నలు అడగొచ్చు కూడా.

మూలఇల్లు గారికి ఇంకో మాట, బాధపడకండి. బోర్డు ముందు మీ అమ్మగారి మోకాళ్ళ గురించి చెప్పండి, మనుషులే కదా, వింటారు. కానీ చట్టం చూసే కష్టం స్థలానిది, మనిషిది కాదు. లాట్ ఆకారం, ఇల్లు కట్టి ఉన్న చోటు, వేరే వైపు ఎందుకు కట్టలేరు, దీనివల్ల పక్కవాళ్ళకి ఏం నష్టం. అనుమతి వస్తే అది స్థలంతోనే పోతుంది, రేపు మీరు ఇల్లు అమ్మినా ఉంటుంది. వెనకింటాయన కూడా అదే ఆలోచిస్తారు. మీ అమ్మగారి గురించి చెప్పి జాలితో సరే అనిపించుకోవద్దు. గది ఎంత ఎత్తు, ఆయన పెరట్లోకి ఏం కనిపిస్తుంది, నీళ్ళు ఎటు పోతాయి, ఈ మూడూ చెప్పండి.

తూనీగ

బాబాయ్ గారూ, ఇది పిన్ చేసి పెట్టాలి.

సీతాకోక22

మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం) ఫారంలో పక్కవాళ్ళ సంతకాలకి నాలుగు గళ్ళున్నాయి. ఒకావిడ పెట్టనంటోంది. అంటే నా డెక్ ఆగిపోయినట్టేనా?

లెక్కలపుస్తకం

మీ హెచ్‌ఓఏ రూల్స్ చదవండి. చాలా చోట్ల ఆ సంతకం "నాకు తెలిసింది" అనడానికే, "ఒప్పుకున్నాను" అని కాదు. అడిగిన తేదీ రాసి "చూపించాం, సంతకం పెట్టలేదు" అని పంపండి. టౌన్‌షిప్ పర్మిట్‌కీ దీనికీ సంబంధం లేదు, రెండూ విడివిడిగా కావాలి.

మూలఇల్లు

వెళ్ళాం. నిన్న సాయంత్రం, నేనూ మా ఆవిడా.

కుడిపక్కవాళ్ళు ఐదు నిమిషాల్లో సరేనన్నారు. ఎడమపక్కవాళ్ళు పని ఎన్ని నెలలు పడుతుందని అడిగారు, అంతే. అసలు సంగతి వెనకింటిది.

ఆయన తలుపు సగం తీసి, నా చేతిలో చుట్టిన ప్లాన్ చూసి మొహం ముడుచుకున్నారు. బాబాయ్ గారు చెప్పినట్టే ఎత్తు చెప్పాను, కిటికీ ఎటుందో చెప్పాను. నీళ్ళ సంగతి ఎత్తగానే "ఆగు" అని తలుపు పూర్తిగా తీసి, మమ్మల్ని నేరుగా బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళారు. మా వైపు గోడ మీద, ఒక మూల, పెన్సిల్ గీతలు. పిల్లల ఎత్తు కొలిచి గీస్తామే, అలా. ప్రతి గీత పక్కన నెలా సంవత్సరం సన్నటి అక్షరాలతో రాసి ఉంది. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గుర్తు పెట్టుకున్నారట. అన్నిటికంటే పై గీత 2021 సెప్టెంబర్‌ది, ఐడా తుఫాను రోజుది. నా మోకాలి దగ్గరికి వచ్చింది. ఆ గీత కింద గోడ రంగే వేరుగా ఉంది.

మా పెరడు ఆయన వైపు వాలుగా ఉంటుంది. మా వెనక గట్టర్ గొట్టం కూడా అటే వదులుతుంది. పదకొండేళ్ళుగా నేను ప్రతి శరదృతువులో నిచ్చెనేసుకుని ఆ గట్టర్‌లో ఆకులు తీస్తున్నా, ఆ నీళ్ళు ఎక్కడికి పోతున్నాయని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆయన ఎప్పుడూ అనలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, మీరెవరో నాకు తెలియదు కదా అన్నారు.

ఇప్పుడు మేము ఇంకో కప్పు వేసి ఇంకొన్ని నీళ్ళు అటే పంపబోతున్నాం. ప్లాన్‌లో ఆ సంగతే లేదు.

వెన్నెలవాకిలి

ఆ గీతలు తల్చుకుంటేనే ఏదోలా ఉంది. మంచి పని చేశారు.

గోదారిగట్టు

ఇది హియరింగ్‌లో బయటపడి ఉంటే మీ కేసు అక్కడే ఆగిపోయేది.

కంచెదూకను

ఒప్పుకుంటున్నా. ఈయన విషయంలో వెళ్ళడమే మంచిదైంది. మరి ప్లాన్ మార్చాలంటే ఎంత ఆలస్యం?

మూలఇల్లు

@కంచెదూకను ఒక నెల. మార్చిన ప్లాన్లు హియరింగ్‌కి 10 రోజుల ముందే బోర్డు ఆఫీసులో ఉండాలట, అందుకని వచ్చే నెల తేదీ తీసుకున్నాం. లెటర్లు ఇంకా పోస్ట్ చెయ్యలేదు కాబట్టి ఆ ఖర్చు మిగిలింది. ఆర్కిటెక్ట్ కాస్త విసుక్కున్నాడు గానీ చేశాడు. కొత్త కప్పు నీళ్ళూ పాత గట్టర్ నీళ్ళూ కలిపి పక్క పెరట్లో ఒక డ్రైవెల్‌లోకి పోతాయి. భూమిలో గొయ్యి తీసి కంకర నింపుతారు, నీళ్ళు మెల్లగా ఇంకుతాయి. మా పునాదికీ ఆయన పునాదికీ దూరంగా పెట్టించాం. అమ్మకి చెప్తే "వాళ్ళింట్లో నీళ్ళు నిలబెట్టి నేను ఏ గదిలో పడుకుంటానురా, నెలే కదా" అంది.

ఒక ప్రశ్న. కుడిపక్కవాళ్ళు "మాకు అభ్యంతరం లేదు" అని లెటర్ రాసిస్తామంటున్నారు. వీధిలో సంతకాలు కూడా సేకరించమంటారా?

బ్లూప్రింట్_బాబాయ్

సంతకాలకి శ్రమ పడకండి. ఇక్కడ చాలా బోర్డులు కాగితం మీద సంతకాలని సాక్ష్యంగా తీసుకోవు. సంతకం పెట్టినవాళ్ళని ఎదురుప్రశ్నలు అడగలేరు కదా, అందుకు. వ్యతిరేకించేవాళ్ళ పిటిషన్లకీ ఇదే లెక్క. రాగలిగినవాళ్ళని హియరింగ్‌కి రమ్మనండి. ఒక మనిషి లేచి ప్రమాణం చేసి రెండు ముక్కలు చెప్తే చాలు.

మీ లాట్ జోన్‌కి కావలసిన కొలత కంటే చిన్నదా? అలాగైతే ఆనుకున్నవాళ్ళని "కాస్త స్థలం అమ్ముతారా" అని అడిగిన లెటర్లు కూడా బోర్డు అడుగుతుంది.

మూలఇల్లు

లేదు బాబాయ్ గారూ, లాట్ సైజు సరిపోయింది. వెనక వైపొక్కటే తక్కువ.

రాగిసంగటి

23 లెటర్లు పోస్ట్ చేసిన రోజు చెప్పండి, పోస్టాఫీసు క్యూ ఫోటో కావాలి 🙂

వెన్నెలవాకిలి

వేరే సంగతి. మొన్న ఆదివారం పక్కింటికి వెళ్ళాను. కిటికీల సంగతి చెప్పాను. ఆయన మా అమ్మాయి గదిలోకి వచ్చి నిలబడి, తన ఇంటి వైపు చూసి, చాలాసేపు అలాగే ఉండిపోయారు. అక్కడి నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆయనకి ఇప్పటిదాకా తెలియదు. ఈ శనివారం ఫిల్మ్ వేయిస్తామన్నారు. ఆ రెండేళ్ళూ తిరిగి రావు గానీ ఇవాళ పొద్దున మా అమ్మాయి బ్లైండ్ సగం ఎత్తి కూర్చుంది.

తూనీగ

❤️

మూలఇల్లు

హియరింగ్ నిన్న రాత్రి అయింది. మా వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర. 23 లెటర్లలో నాలుగు తిరిగొచ్చాయి, విప్పకుండా ఫైల్లో పెట్టాం. బోర్డు లాయర్ రసీదులు, అఫిడవిట్ చూసి నోటీసు సరిగ్గా ఉందన్నాకే మొదలుపెట్టారు.

వెనకింటాయన వచ్చారు, ముందు వరసలో కూర్చున్నారు. ఆయన లేచినప్పుడు నాకు చెమటలు పట్టాయి. ప్రమాణం చేసి, తన బేస్‌మెంట్ గోడ ఫోటో బోర్డుకి చూపించి, "ఈ డ్రైవెల్ ప్లాన్‌లో ఉన్నట్టే కట్టాలని అనుమతిలోనే షరతు పెట్టండి, అలాగైతే నాకు అభ్యంతరం లేదు" అన్నారు. బోర్డు ఇంజనీర్ డ్రైవెల్ సైజు ఇంకాస్త పెంచమన్నాడు, మేము సరేనన్నాం. అనుమతి వచ్చింది. వెనక వైపు వరసగా ఆర్బర్‌విటే మొక్కలు నాటాలని కూడా షరతు.

కంచెదూకను

అభినందనలు. అమ్మగారికి గది త్వరగా రావాలి. అన్నట్టు బోర్డు రాతపూర్వక రిజల్యూషన్ (తీర్మానం) వచ్చి, అది ప్రకటించిన రోజు నుంచి 45 రోజులు అప్పీల్ గడువుంటుంది. ఈలోపు తవ్వడం మొదలుపెట్టకండి.

లెక్కలపుస్తకం

తవ్వేముందు 811కి కాల్ చెయ్యండి. గ్యాస్ లైన్, కరెంటు లైన్ ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు వేసి వెళ్తారు.

సీతాకోక22

మీ నోటీసు లెటర్ కాపీ పేర్లు, అడ్రస్ తీసేసి ఇక్కడ పెడతారా? "తేటగా రాయండి" అని బాబాయ్ గారన్నది మీరెలా రాశారో చూడాలనుంది.

మూలఇల్లు

@సీతాకోక22 రేపు పెడతాను. మీ బోర్డు సెక్రటరీకి ఒకసారి చూపించాకే వాడుకోండి.

@కంచెదూకను అలాగే, 45 రోజులూ ఆగుతాం. ఈ వారం పాత గట్టర్ గొట్టాన్ని మాత్రం అటు నుంచి తిప్పించేస్తున్నా, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.